సగం కన్నా తక్కువ

నేను రిటైరవడానికి నాలుగేళ్లుందనగా, ఒక ఎండాకాలం, గోదావరిఖనిలో గని కార్మికుల మెడికల్ బోర్డుకు నన్ను బయటి నిపుణురాలిగా వేశారు. నా ఉద్యోగం హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో. మనిషి మెదడు దేన్ని గుర్తుపెట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నదే నా చదువు. మందులు రాసే డాక్టర్ని కాను. ఆ తేడా అక్కడెవరికీ పట్టలేదు, అందరికీ నేను 'మతిమరుపు మేడమ్'నే.

బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే కార్మికుడు ఇంటికి పోతాడు, అతని బదులు కొడుక్కో కూతురికో ఉద్యోగం వస్తుంది. డిగ్రీలు చదివి ఆటోలు నడిపే పిల్లలున్న ఊళ్లో ఆ ఒక్క మాట కోసం జనం దేనికైనా సిద్ధపడేవారు. గుండె జబ్బు, కంటి జబ్బు యంత్రానికి దొరుకుతాయి. మతిమరుపు అంత తేలిగ్గా దొరకదు కాబట్టి అది చెప్పుకునేవాళ్లు పెరిగారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు, ఆ తలదన్నే పని నాది.

పరీక్ష చాలా సులువు, చూడ్డానికి మాత్రం కష్టంగా ఉంటుంది. ముందు కొన్ని బొమ్మలు చూపిస్తాం. తర్వాత రెండేసి బొమ్మలు పక్కపక్కన పెట్టి, ఇందాక చూసింది ఏదని అడుగుతాం. కళ్లు మూసుకుని వేలు పెట్టినా సుమారు సగం సరిపోతాయి. సగం కన్నా బాగా తక్కువ వచ్చిందంటే ఆ మనిషికి సరైనది తెలుసు, తెలిసే పక్కదాని మీద వేలు పెట్టాడు. నేను రాసిన వాటన్నిటిలోకీ నలుగురూ ఉదహరించేది ఈ పద్ధతి మీద రాసిన వ్యాసమే. దాని గురించి గర్వపడేదాన్ని.

మల్లయ్య ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గూ మట్టీ మోసే పెద్ద బండి, డంపరు, నడిపే ఆపరేటరు. కొడుకు రమేష్ ఆటో నడుపుతాడు. మల్లయ్య దాదాపు ప్రతి బొమ్మకూ తప్పుదాన్నే చూపించాడు. తెలిసే తప్పు చెప్పాడని నేను రాసిచ్చాను. బోర్డు అతన్ని ఫిట్ అంది.

వరండాలో అతని భార్య లచ్చమ్మ నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"మేడమ్, ఈయన మా ఇల్లనుకోని పక్క లైన్ల క్వార్టర్లకు వోయి కూసుంటుండు. బోర్డుకు మంచిగ తయారైతున్నవే మల్లన్నా అని కాలనోళ్లందరు నవ్విర్రు. నేను గూడ నవ్విన. ఇప్పుడు ఏది యాక్టింగో, ఏది నిజమో నాకే ఎరుకైతలేదు" అంది.

ఎప్పటినుంచని అడిగాను. బోర్డుకు దరఖాస్తు పెట్టకముందు నుంచేనట. నాకు భయమేసింది. బోర్డు పెద్ద అయిన సీనియర్ డాక్టర్ని అడిగితే, అబద్ధం దొరికాక ఇంకేం చూస్తారని విసుక్కుని, చివరికి ఇంకొక్కసారి కూర్చోబెట్టుకోనిచ్చాడు.

ఈసారి ఉద్యోగం కోసం కాదు, నీ ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి, తెలిసింది తెలిసినట్టు చెప్పమని మల్లయ్యను బతిమాలాను.

"మంచిగ మాట్లాడి ఉన్నది చెప్పిచ్చుకుంటరని మావోళ్లు ముందే చెప్పిర్రు మేడమ్" అన్నాడు. మళ్లీ అన్నీ తప్పే చూపించాడు. నాకు ఒళ్లు మండింది. కానీ అతన్నేమనగలను? నా పరీక్ష బతికేదే సులువైనదాన్ని కష్టమైనదిగా చూపించే మోసం మీద.

కార్డులు సర్దుతుంటే అతను లేచి నిలబడి, "ఇగ పరీచ్చ ఎప్పుడు పెడ్తరు మేడమ్?" అని అడిగాడు.

ఆ మాట నటనో కాదో నేను చెప్పలేకపోయాను. ఇప్పుడే చూసిన బొమ్మ గుర్తుండి, తను పరీక్షకు కూర్చున్నానన్న సంగతే జారిపోయే జబ్బులున్నాయి. మెదడు స్కానింగు తీయించాలని, అప్పటిదాకా బండి ఎక్కించొద్దని రాశాను. ఫిట్ అయిన మనిషికి స్కానింగు ఎందుకో వివరించమని జవాబొచ్చింది, వివరించాను. అది పై ఆఫీసుకు వెళ్లింది.

ఈలోగా ఒక రోజు మల్లయ్య ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికి బయల్దేరాడు. పట్టపగలు కాలనీ దాటేసి, పెద్ద రోడ్డు మీద అలాగే నడుచుకుంటూ పోయాడు. లారీ గుద్దింది.

రమేష్‌కు ఉద్యోగం వచ్చింది. సర్వీసులో ఉన్న మనిషి చనిపోతే ఇంట్లో ఒకరికి ఇస్తారు, దానికి నా పరీక్ష అక్కర్లేదు.

నా పద్ధతిలో తప్పు లేదని ఇవాళ కూడా అంటాను. మల్లయ్య అబద్ధమే ఆడాడు. జబ్బుమనిషి కూడా అబద్ధమాడతాడని, అతను నిజంగా ఉన్న జబ్బు చాలదేమోనని భయపడి దానికి ఇంకొంచెం కలిపాడని నా లెక్క చెప్పలేదు. ఆ తర్వాత అచ్చైన నా ప్రతి వ్యాసంలోనూ ఒక వాక్యం చేర్చాను: సగం కన్నా తక్కువ వస్తే అబద్ధం తెలుస్తుంది, ఆరోగ్యం తెలియదు. నా పద్ధతిని వాడేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్లలో ఆ వాక్యాన్ని ఎత్తి రాసినవాళ్లు ఇంతవరకు నాకు కనబడలేదు.