కొలంబో రేవుకు నేను రాసిన అడ్రసు

మా చిన్నప్పుడు మావయ్య దగ్గర నుంచి ఉత్తరం వస్తే, నేను ముందు లోపలి కాగితం తీసేదాన్ని కాదు... కవరు మీద ముద్రలు చూసేదాన్ని. ఊదా సిరాతో గుండ్రటి ముద్ర, మధ్యలో లంగరు బొమ్మ, చుట్టూ ఓడ పేరు. ఆ పక్కనే ఏ రేవులో పోస్టు చేస్తే ఆ ఊరి ముద్ర. వెనక మా చీరాల ముద్ర.

మావయ్య మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. మా ఇంట్లోనే పెరిగి, నేవీలో చేరాడు. అతను పనిచేసింది యుద్ధం చేసే ఓడ మీద కాదు... తెరచాపల మీద నడిచే యాట్. కొత్తగా చేరిన ఆఫీసర్లకి గాలిని బట్టి ఓడ నడపడం దాని మీదే నేర్పేవారట.

ఏదైనా వరసగా రాసి పెట్టుకోవడం నాకు అప్పటి నుంచే అలవాటు. పాత నోటుపుస్తకంలో గళ్ళు గీసి, ఏ రేవు, ముద్ర మీద ఏ తేదీ, మా ఊరు ఎప్పుడు చేరింది... అన్నీ రాసేదాన్ని. ఆ ఓడ కొచ్చిలో ఎన్నాళ్ళుందో, విశాఖకి ఎప్పుడు మారిందో, పోర్ట్ బ్లెయిర్ ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోయేది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగేది, "ఎక్కడున్నాడే?" అని. అంతే... ఉత్తరం చదవమని మాత్రం అడిగేది కాదు.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు మరి.

ఒక ఏడు మిరపకాయలు కల్లంలో ఆరబోసి, మబ్బు పడితే పట్టాలు కప్పమని మావయ్యని కాపలా ఉంచింది అమ్మ. అతను ఎవరికీ చెప్పకుండా నేవీ సెలక్షన్లకి వెళ్ళిపోయాడు. వాన పడింది. కాయంతా మచ్చలు పడి తెల్లబడిపోయింది. తిరిగొచ్చిన తమ్ముడితో అమ్మ ఒకే మాట అంది, "మళ్ళీ నా గడప తొక్కకు."

అతను తొక్కలేదు. ఉత్తరాలు మాత్రం నా పేరున రాసేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు కొలంబో ముద్రతో ఒక కవరు వచ్చింది. ఆ ఒక్కటి అమ్మకి రాశాడు. "అక్కా, దసరాకి సెలవిస్తామన్నారు. నువ్వు రమ్మంటే వస్తాను. నీ దగ్గర నుంచి జవాబు రాకపోతే ఇంకో దూర ప్రయాణానికి పేరు ఇచ్చేస్తాను."

చదివి వినిపించాను. అమ్మ పప్పు గరిటె పక్కన పెట్టింది. చెయ్యి తుడుచుకుని, "కాగితం తేవే" అంది.

"ఏం రాయనమ్మా?"

"ఒరేయ్, కాయల సంగతి ఎప్పుడో మర్చిపోయా. నోరు మూసుకుని రా... అని రాయి."

"ప్రేమతో అక్క, అని పెట్టనా?"

"అక్కర్లా. వాడికి తెలుసులే. తొందరగా అందేట్టు చూడు, చాలు."

తొందరగా... తప్పంతా ఆ మాట దగ్గరే జరిగింది.

మావయ్య అడ్రసు ఎప్పుడూ ఒకటే. ఓడ పేరు, కింద బొంబాయిలో నేవీ వాళ్ళ తపాలా ఆఫీసు. ఓడ ఎక్కడుంటే అక్కడికి వాళ్ళే పంపుతారు. కానీ నాకు ముద్రలు చదవడం వచ్చు కదా! ఓడ కొలంబోలో ఉందని కళ్ళెదుట కనబడుతుంటే బొంబాయి చుట్టూ తిప్పడం ఎందుకనుకున్నాను. ఓడ పేరు రాసి, కింద 'కొలంబో రేవు' అని ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పోస్టాఫీసులో తూచి చెప్పినన్ని తపాలా బిళ్ళలు అంటించి, డబ్బాలో వేసి వచ్చాను.

దసరా వచ్చింది. అమ్మ మూడు రోజులూ గారెలకి పప్పు నానబోసింది. బస్సు చప్పుడైతే చాలు, చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వచ్చేది.

పక్కింటి సుబ్బమ్మత్త ఊరుకుంటుందా... "ఏమ్మోయ్, మీ తమ్ముడి ఓడకి గాలి చాల్లేదా?" అని నవ్వింది.

"వాడికి పొగరు" అని లోపలికి వెళ్ళిపోయింది అమ్మ.

సంక్రాంతి కూడా దాటాక నా ఉత్తరం మాకే తిరిగొచ్చింది. కవరు నిండా ముద్రలు. నా అడ్రసు మీద అడ్డంగా గీత, పక్కన పంపినవారి వైపు బాణం గుర్తు.

పోస్టుమాన్ గడపలో నిలబడి అడిగాడు, "ఎవరమ్మాయ్ రాసింది? ఓడకి రేవు అడ్రసు రాస్తే అది నీ ఉత్తరం కోసం అక్కడే కూర్చుంటుందా?"

వెనకే అమ్మ నిలబడి ఉంది. తిట్టలేదు, కొట్టలేదు. ఆ కవరు తీసుకుని పెట్టెలో అడుగున పెట్టేసింది. ఆ సాయంత్రమే బొంబాయి అడ్రసుకి ఇంకో ఉత్తరం రాయించింది. "పనుల్లో పడి జవాబు రాయలేకపోయాను, నాదే తప్పు" అని. ఆ వాక్యం నా చేత్తోనే రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది. "అక్షరాలు తడుస్తాయి, ముక్కు తుడుచుకో" అంది.

మావయ్య జవాబు మళ్ళీ వానాకాలానికి గానీ రాలేదు. దూర ప్రయాణానికి అప్పటికే సంతకం చేసేశాడు. మూడేళ్ళ తర్వాత వచ్చాడు, చుట్టంలా... రెండు రోజులుండి, స్వీట్ల పెట్టె ఇచ్చి వెళ్ళాడు. తర్వాత కూడా అంతే. పెళ్ళిళ్ళకి వచ్చేవాడు, భోంచేసేవాడు. ఒరేయ్ అని అమ్మా పిలవలేదు, అలిగి అతనూ ఏమీ అడగలేదు. ఆ యాట్ చెక్క పాడైపోయి నేవీ వాళ్ళు పక్కన పెట్టేశారని తెలిసినప్పుడు కూడా ఫోన్లో నాకే చెప్పాడు.

అమ్మ పోయి రెండేళ్ళు. పెద్దకర్మ నాడు మావయ్య వరండాలో కూర్చుని, "ఆ ఒక్క ఉత్తరానికీ మా అక్క సమయానికి జవాబు ఇవ్వలేదే అమ్మాయ్" అన్నాడు.

అప్పుడు చెప్పాను. అడ్రసు తప్పు రాసింది నేనని.

"అక్కకి తెలుసా?"

"తెలుసు మావయ్యా. నన్ను నువ్వేమైనా అంటావని..."

"పిల్లవి, నిన్నేం అంటానే" అన్నాడు మావయ్య. "ఒక్కసారి చెప్పి ఉంటే... అక్కని ఇన్నేళ్ళు తప్పుపట్టకుండా ఉండేవాణ్ణి కదా."

ఇప్పుడు మెసేజ్ అందిందో లేదో క్షణంలో తెలిసిపోతోంది. అందలేదేమోలే అని ఎదుటి మనిషిని క్షమించడానికి ఓ సాకు కూడా మిగల్లేదు మనకి. మీ ఇళ్ళలో కూడా ఇలా తిరిగొచ్చిన ఉత్తరాలు ఉండే ఉంటాయి... ఉంటే ఇక్కడ రాయండి. అది అందాల్సిన మనిషి ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్ళకి చూపించి రండి.