అట్టు మీద స్కేలు

గుండ్రంగా కనబడితే చాలు, అబ్రహాముగారు దాన్ని కొలవకుండా వదిలిపెట్టరు. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన చిన్న ప్లాస్టిక్ స్కేలు పెట్టుకుంటారు. రాజోలు బస్టాండు వెనక సందులో ఆయన రక్తపరీక్షల ల్యాబు. దాని పక్కనే అమ్మాజీ పాక హోటలు. ఈ ఇరుగుపొరుగుతనం పుణ్యమా అని, రాజోలు మొత్తమ్మీద ఎక్కువసార్లు కొలతకి గురైన వస్తువు అమ్మాజీ వేసే పెసరట్టు.

పొద్దున్నే వచ్చి బల్లమీద కూర్చుంటారు. అట్టు రాగానే జేబులోంచి స్కేలు తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, ముందు అడ్డంగా పెడతారు. తర్వాత ఆకు తిప్పి నిలువుగా పెడతారు. ఈలోపు అల్లం పచ్చడి మీద ఈగలు వాలతాయి.

"ఒక పక్క కాస్త తగ్గిందండి అమ్మాజీగారూ."

"తగ్గితే ఇంకో గరిటె పిండి పోసిత్తానండి. ముందు వేడివేడిగా తినండి బాబూ!"

"పిండి అక్కర్లేదండి. ఊరికే చెప్పేను."

"ఊరికే చెప్పేవారు ఊరికే తినొచ్చు కదండీ! ఆ స్పిరిట్ కంపుకి నా అట్టు ఆస్పత్రి అట్టైపోతంది."

అబ్రహాముగారు "ఆయ్" అని ఒప్పేసుకుని, మర్నాడు మళ్ళీ స్కేలు తీస్తారు.

మేనకోడలు జాస్మిన్ నిశ్చితార్థంలో కేకు మీద కూడా స్కేలు పెట్టేరు. పెళ్ళికొడుకు తండ్రి ఆయన్ని ఎవరో వడ్రంగి అనుకుని, పక్కకి పిలిచి గుమ్మాలకి టేకు మంచిదా, వేప మంచిదా అని అడిగేడు. అబ్రహాముగారు కాదనడం మర్యాద కాదని టేకే మంచిదని చెప్పేరు. ఆ గుమ్మాలు ఎప్పుడు మొదలెడతారని వియ్యంకుడు ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడట.

ఈ పిచ్చి ఆయనకి వృత్తిలోంచి పట్టుకుంది. ఎవరి పుండైనా మానకపోతే ఆ చీములోని బాక్టీరియాని ఆయన ఒక గుండ్రటి పళ్ళెంలో, జున్నులా గడ్డకట్టిన పదార్థం మీద పరుస్తారు. దాని మీద తలో మందూ పట్టించిన కాగితపు బిళ్ళలు అక్కడక్కడా పెడతారు. తెల్లారేసరికి పళ్ళెమంతా బాక్టీరియా అల్లుకుపోతుంది. ఏ బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగిలిందో ఆ మందుకి లొంగినట్టు. ఖాళీ లేకపోతే మొండికేసినట్టు. ఎంత ఖాళీ ఉంటే లొంగినట్టో ఒక్కో మందుకీ ఒక్కో కొలత ఉంది. ఆ కొలత దగ్గర అబ్రహాముగారు కన్నతల్లి మాట కూడా వినరు.

మందుల షాపు శ్రీనివాసరావు తండ్రి రిపోర్టులో ఒక మందు మిల్లీమీటరులో తప్పింది. ఆ మందే కొడుకు షాపులో పెట్టెలకొద్దీ మూలుగుతోంది.

"ఒక్క మిల్లీమీటరే కదండీ, చూసీచూడనట్టు పోనిద్దురూ!" అని బతిమాలేడు.

"మీ కొబ్బరితోట గట్టు పక్కాయన జానెడు జరిపితే కోర్టుకెళ్ళేరు కదండీ. బాక్టీరియాకి మిల్లీమీటరంటే జానెడేనండి," అన్నారు అబ్రహాముగారు, ఎంతో వినయంగా.

ఇలా ఉండగా అమ్మాజీ కొబ్బరి కోరుతూ కుడి అరచెయ్యి కోసుకుంది. కోనసీమ మర్యాద తెలిసిందే. పులుసు మిగిలితే గిన్నెతో, మాత్రలు మిగిలితే అట్టతో సహా పక్కింటికి వెళ్ళిపోతాయి. పక్కింటి సత్యదుర్గ పరుగున వచ్చింది.

"మా ఆయన కాలి పుండుకి వాడగా మిగిలినియ్యి వదినా. బెమ్మాండంగా పనిచేసేయి. తగ్గగానే ఆపేసి మిగిలినియ్యి దాచుకో, ఎవరికైనా పనికొత్తాయి."

అమ్మాజీ అలాగే చేసింది. నొప్పి తగ్గగానే ఆపేసి, మిగిలినవి ఎదురింటి జ్వరానికి పంపింది. చెయ్యి మళ్ళీ వాచింది. ఎదురింటివాళ్ళు ఊరుకుంటారా, బదులుగా ఎర్ర గొట్టం మాత్రలు పంపేరు. వాటికీ తగ్గలేదు. చేతికి గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, పళ్ళు బిగించి అట్లు పోసేది. డాక్టరు దగ్గరికి వెళ్తే హోటలు మూసెయ్యమంటారని ఆమె భయం. ఆ చెయ్యి పడుకుంటే పొయ్యి పడుకుంటుంది, పొయ్యి పడుకుంటే ఇల్లు పస్తుంటుంది.

ఆ రోజుల్లోనే అబ్రహాముగారికి కొలతల పిచ్చి ముదిరింది. ఒక అట్టు తినేసి రెండో అట్టు తెప్పించుకుని మరీ కొలిచేవారు. నొప్పితో ప్రాణం పోతున్న అమ్మాజీకి చిర్రెత్తుకొచ్చింది.

"రేపట్నించి మీరు ఇంకో హోటలు చూసుకోండి బాబూ! నా అట్టుకి వంకలెట్టకుండా ముద్ద దిగదా మీకు?"

అబ్రహాముగారు స్కేలు కింద పెట్టేరు.

"అట్టు కుడిపక్కే తగ్గుతోందండి. అంచు రోజురోజుకీ లోపలికొస్తోంది. మీ చెయ్యి పూర్తిగా తిరగట్లేదు. ఆ గుడ్డ విప్పండి."

"అబ్బే, ఏం లేదండి. పిండి పల్చనైపోయింది."

"పల్చనైతే అట్టు పెద్దదవుతుందండి."

ఇన్నేళ్ళుగా అట్లు పోస్తున్న మనిషికి ఆ సంగతి తెలియనిదేం కాదు. గుడ్డ విప్పింది. అరచెయ్యి ఎర్రగా, గుండ్రంగా వాచిపోయి ఉంది. అబ్రహాముగారు దాన్ని మాత్రం కొలవలేదు. పొయ్యి ఆర్పించి, ఆటో పిలిచి, దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్ళేరు. డాక్టరుగారు చీము తీయించి, వాడిన మాత్రల సంగతి విని తలపట్టుకున్నారు. సరైన మందు త్వరగా పడకపోతే వేళ్ళు ముడుచుకుపోతాయని చెప్పేరు. చీము నమూనా అబ్రహాముగారి పళ్ళెంలోకి వెళ్ళింది.

రిపోర్టు రోజున అమ్మాజీని లోపలికి పిలిచి పళ్ళెం చూపించేరు.

"ఉల్లిపాయ ముక్కలేసిన అట్టులాగుందేంటండీ!"

"ఆయ్. ఈ ముక్క సత్యదుర్గగారి మందండి."

దాని అంచు దాకా బాక్టీరియా వచ్చి కూర్చుంది. ఎర్ర గొట్టం మందు దగ్గరా అంతే.

"పెళ్ళి బంతికొచ్చినట్టు కూచున్నాయేంటండీ," అంది గానీ అమ్మాజీ కళ్ళు అప్పుడే మిగతా బిళ్ళల మీదకి పరుగెత్తేయి. తర్వాత బిళ్ళ దగ్గరా ఖాళీ లేదు. ఆ తర్వాతదాని చుట్టూ ఉన్నది కొలతకి చాలలేదు. చివర్న ఒక బిళ్ళ చుట్టూ మాత్రం చక్కగా, గుండ్రంగా ఖాళీ ఉంది. అబ్రహాముగారు పళ్ళెం బోర్లించి కొలిచేరు. స్కేలు తుడిచి మళ్ళీ కొలిచేరు. ఆ స్కేలు ఎంత నిదానంగా జరిగితే అంత మంచిదని అమ్మాజీకి మొదటిసారి అనిపించింది.

"సరిపోద్దాండీ?"

"గట్టు దాటిందండి," అన్నారాయన. ఆ ముఖం చూస్తే పరీక్ష పాసైంది ఆయనే అనుకోవాలి.

ఆ మందు ఇంజెక్షన్లతో చెయ్యి మానింది. డాక్టరుగారు చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడింది. మిగిలినవేమైనా ఉన్నాయా అని వచ్చిన సత్యదుర్గకి పెరుగు గిన్నె ఇచ్చి పంపింది.

హోటలు తెరిచిన రోజు, ఇంకా బిగుసుకునే ఉన్న చేతితో వేసిన మొదటి అట్టు గోదావరి లంకలా వంకర్లు తిరిగింది. అబ్రహాముగారు స్కేలు జోలికి పోకుండా తినేసేరు.

"అదేంటండీ, కొలవరా?" అంది అమ్మాజీ, మనసు చివుక్కుమని.

"నేను గుండ్రంవే కొలుస్తానండి," అన్నారాయన తలవంచుకుని.

ఆ లంకలన్నీ ఆయన రోజూ వంక పెట్టకుండా తింటూ వచ్చేరు. అమ్మాజీకి మాత్రం పట్టుదల పెరిగింది. చెయ్యి కాస్త కాస్త సాగుతూ వచ్చింది. ఒక పొద్దున్న పెనం మీద అట్టు నిండుగా తిరిగింది. తెచ్చి ఆయన ముందు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఇప్పుడు తియ్యండి మీ స్కేలు."

ఆయన స్పిరిట్ దూదితో తుడిచేరు. అడ్డంగా పెట్టేరు. ఆకు తిప్పి నిలువుగా పెట్టేరు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసేరు.

"ఒక పక్క కాస్త తగ్గిందండి అమ్మాజీగారూ."

"అమ్మయ్య!" అంది అమ్మాజీ, పెనం మీద ఇంకో గరిటె పిండి పోస్తూ.