ఆర్డిత్ చూడలేదన్న ముక్క

ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన ఆర్డిత్ కోల్‌బెక్‌కి బెక్‌ఫర్డ్‌లో రెండింట్లో తిరుగులేదు. ఒకటి నెబ్రాస్కా మంచులో బండి తోలడం, రెండోది తుపాకీ గురి. ఊరి అంబులెన్సు ఖర్చుల కోసం ఏటా సెప్టెంబరులో, గాల్లోకి విసిరే మట్టిబిళ్లల్ని కొట్టే తుపాకీ పందెం పెడతారు. ఏడేళ్లు వరసగా ఆ కప్పు ఆమె ఇంట్లోనే ఉంది.

ఎనిమిదో ఏడు రోవెనా పట్టుకుపోయింది.

రోవెనా పళ్ల డాక్టరు దగ్గర పని కోసం ఆ ఊరికొచ్చిన మనిషి. తుపాకీ భుజానికెలా ఆనించాలో, ఎగిరే బిళ్ల కంటే ఎంత ముందుకు గురిపెట్టాలో దగ్గరుండి నేర్పింది ఆర్డితే. అదే ఆమెను తినేసేది. దానికితోడు చర్చి విందుల్లో అందరూ రోవెనా చేసిన బంగాళాదుంపల సలాడే అడగసాగారు. ఆర్డిత్ గిన్నె నిండుగా వెళ్లి నిండుగా తిరిగొచ్చేది.

ఆ మరుసటేడు ఆర్డిత్ భుజానికి ఆపరేషన్ అయింది. తుపాకీ ముట్టొద్దన్నాడు డాక్టరు. ఊరికే కూర్చోలేక, పందెంలో ఎవరెన్ని కొట్టారో లెక్క రాసే పని ఒప్పుకుంది. తీరా వెళితే ఆమెకు రోవెనా ఉన్న జట్టునే అప్పగించారు.

జట్టుకి నలుగురు. పొలాల గట్ల వెంట పది చోట్ల నిలబడి, ఒక్కో చోట ఐదేసి బిళ్లలు కొట్టాలి. "పుల్!" అని అరవగానే యంత్రం నారింజరంగు మట్టిబిళ్లని గాల్లోకి విసురుతుంది. కంటికి కనిపించే ముక్క ఒక్కటి ఊడినా కొట్టినట్టే. ఆ ముక్క ఊడిందో లేదో చెప్పాల్సింది లెక్క రాసేవాళ్లే. తప్పిన బిళ్లకి మళ్లీ కొట్టే అవకాశం మనిషికి రెండుసార్లు కొనుక్కోవచ్చు. ఆ డబ్బూ అంబులెన్సుకే. రోవెనా ఆ రెండూ మూడోచోటే వాడేసింది.

తొమ్మిదోచోట బిళ్ల చెరువు మీదుగా అడ్డంగా దూసుకుపోయింది. రోవెనా పేల్చింది. బిళ్ల అంచునుంచి గోరంత ముక్క లేచి నీళ్లలో పడింది. బస్సు అద్దంలో వెనకసీటు దాకా కనిపెట్టే ఆర్డిత్ కళ్లు దాన్ని స్పష్టంగా చూశాయి.

"తప్పింది," అంది ఆర్డిత్.

"ముక్క ఊడినట్టుందే, అక్కా?"

"నాకు కనబళ్లా. దుమ్మయ్యుంటుంది."

"నువ్వు చూడలేదంటే లేనట్టే," అని రోవెనా మళ్లీ తూటాలు నింపుకుంది. ఆ నమ్మకం చూసి ఆర్డిత్‌కి ఒళ్లు ఇంకా మండింది.

చివరికి రోవెనాకి నలభై అయిదు, మొక్కజొన్న రైతు డ్వైట్‌కి నలభై అయిదు. సమానమైతే ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఒకరికి తప్పేదాకా బిళ్లలు కొట్టి తేల్చుకోవాలి. భోజనాల బల్లల దగ్గరున్న జనమంతా ప్లేట్లు చేతబట్టుకుని వచ్చేశారు. "కొట్టిన ప్రతి బిళ్లకీ అంబులెన్సుకి పది డాలర్లు నావి!" అని ఎవరో కేకేశారు. "నావి ఇరవై!" అన్నారు ఇంకొకరు. ఒక్కో బిళ్ల పగిలినప్పుడల్లా ఊరు ఊరంతా అరిచింది. పన్నెండో బిళ్ల డ్వైట్‌కి తప్పింది, రోవెనాది పొడిపొడి అయిపోయింది. ఆమెను భుజాలకెత్తుకున్నంత పనిచేశారు.

నిజం రాసుంటే ఒక్క బిళ్ల తేడాతో గెలిచి, కప్పు తీసుకుని, చప్పుడు లేకుండా ఇంటికెళ్లేది రోవెనా. ఇవాళ ఊరికి దేవతైపోయింది. అలా చేసింది ఆర్డిత్ తప్పుడు లెక్కే. ఆర్డిత్‌కి అన్నం సహించలేదు.

అందరూ బల్లలు మడుస్తుంటే రోవెనా దగ్గరికెళ్లింది.

"తొమ్మిదోచోట ముక్క ఊడింది. చూశాను. కావాలనే తప్పిందన్నాను."

రోవెనా చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎందుకక్కా?"

"నువ్వంటే కుళ్లు. ఇంకేముంది?"

రోవెనా నవ్వలేదు, ఓదార్చనూలేదు. "నాకు చెప్పావు, సరే. అంతమంది ముందు ఓడింది డ్వైట్. వెళ్లి అతనికి చెప్పు," అంది.

డ్వైట్ ట్రక్కులో కుర్చీలు ఎక్కిస్తున్నాడు. మొత్తం విని, టోపీ తీసి తల గోక్కున్నాడు. "అంటే అసలు నేను రెండోవాణ్ణే! ఏంటమ్మా, నన్ను అనవసరంగా చెమట పట్టించావు! మా ఆవిడ ఇంక ఏడాదంతా ఆ పన్నెండో బిళ్ల గురించే దెప్పుతుంది," అన్నాడు. నవ్వుతూ అన్నా, మర్నాడు నిర్వాహకులకి విషయం చెప్పాడు. లెక్క రాసేవాళ్ల జాబితాలోంచి ఆర్డిత్ పేరు కొట్టేశారు.

భుజం బాగయ్యాక మళ్లీ తుపాకీ పట్టింది. మరుసటేడు పందెంలో రోవెనాకి నలభై ఏడు, ఆర్డిత్‌కి నలభై ఆరు. కప్పు అందుకుంటున్న రోవెనాకి వెళ్లి చెయ్యి కలిపింది, గట్టిగానే.

"బాగా కొట్టావు," అంది.

తర్వాత డ్వైట్ పక్కన కూర్చుని, మాంసం ముక్క కోస్తూ, గొంతు తగ్గించి అంది: "రోవెనా కొత్త తుపాకీ చూశావా? అంత ఖరీదైంది ఉంటే ఎవరైనా కొడతారు."