ఈల మోగితే ఎవరి మొహం చూడాలి

ఇన్నేళ్లు మందుగుండు కూరినా వేళ్లన్నీ మిగిలిన ఈ చేతుల మీద ఒట్టు. కింద రాసిన ప్రతి మాటా నిజం.

అరవైల మొదట్లో నన్ను దాచేపల్లి దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో బ్లాస్టరుగా వేశారు. రాతిలో కొట్టిన బెజ్జాల్లో మందు కూరి, వత్తి అంటించి పేల్చడం బ్లాస్టరు పని. అంటించే ముందు ఈల ఊదాలి. ఈల వినగానే కూలీలంతా రాతిగోడ చాటుకు చేరాలి. అంటించాక బ్లాస్టరు కూడా అక్కడికే నడిచి వెళ్లాలి. పరుగెత్తకూడదు, ఆ రాళ్లలో కాలు జారితే లేచే వ్యవధి ఉండదు.

బెజ్జాలు కొట్టే యేసోబుకు రాజు అనే కుక్క ఉండేది. ఇంట్లో ఆయనకు వేరే తోడు లేదు. ఈల వినపడితే అది బెదిరి క్వారీలోకి పరుగు తీసేది. పేరు పెట్టి ఎంత అరిచినా వెనక్కి చూసేది కాదు. యేసోబు గోడ చాటు వదిలి దాని వెంట పడేవాడు.

మేస్త్రీ ఒకరోజు తేల్చేశాడు. "శనివారం దాకా చూస్తా. తర్వాత కుక్క కనపడిందా, నువ్వు కనపడొద్దు."

"దాన్నొదిలి యాడికి పోను మేస్త్రీ?" అన్నాడు యేసోబు.

కుక్కకు చదువు చెప్పే పని నేను నెత్తినేసుకున్నాను. అన్నాల వేళ ఈల మెల్లగా ఊదేవాణ్ణి. అది తలెత్తి నా మొహం చూసిన మరుక్షణం చేపల పులుసులో ముంచిన జొన్నరొట్టె ముక్క. చూడకపోతే ముక్క లేదు. తిట్లూ దెబ్బలూ కూడా లేవు. తర్వాత ఈల గట్టిగా ఊదాను, దూరం పెంచాను. ఎక్కడున్నా తిరిగి చూడసాగింది.

శనివారం ఈల ఊది వత్తి అంటించాను. రాజు యేసోబు పక్కనుంచి లేచి తిన్నగా వచ్చి, మండుతున్న వత్తి పక్కనే కూర్చుని నా మొహంలోకి చూసింది.

"రాజూ! ఒరేయ్ రాజూ!" అంటూ యేసోబు గోడ చాటునుంచి దూకాడు.

నేను పద్ధతి ప్రకారం నడిచాను. నా వెనక కుక్క, కుక్క వెనక యేసోబు. గోడ దాటామో లేదో కొండ లేచింది. ఆ చప్పుడుకు నడికుడిలో కదలబోయిన రైలు కూడా కాసేపు ఆగింది.

మేస్త్రీ పగలబడి నవ్వాడు. యేసోబు మాత్రం ఎప్పటిలా వరస కలిపి నన్ను నిలదీశాడు. "ఏంది అల్లుడా, నా కుక్కకి నీ మొహం నేర్పినావా?"

"ముక్క పెట్టింది నేను గదా మావా. ఇకనించి నువ్వు పెట్టు."

అంత నవ్వాక మేస్త్రీ కఠినంగా ఉండలేకపోయాడు. ఇంకో వారం ఇచ్చాడు. ఈసారి ఈల నాది, ముక్క యేసోబుది. కుక్క నావైపు తిరిగితే నేను ఆకాశం చూసేవాణ్ణి. వారం తిరిగేసరికి, ఈల మోగితే చాలు, రాజు యేసోబు కాళ్ల దగ్గరికి చేరి ఆయన మొహం వంకే చూస్తూ కూర్చునేది. మేస్త్రీ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నాకు తెలిసొచ్చింది ఇంతే: పిలిచినంత మాత్రాన కుక్క చూడదు. చూస్తే దానికేదో దక్కాలి, అదీ యజమాని చేతినుంచే దక్కాలి. మధ్యలో ఇంకొకరు పెడితే అది వాళ్ల కుక్కవుతుంది.

ఇక పైదాంట్లో నేను కల్పించిన ముక్క ఒకటుంది, ఆ పేలుడు. ఆ శనివారం బెజ్జంలో మందు లేదు. కుక్కను పరీక్షిద్దామని మేస్త్రీ, నేను మాట్లాడుకుని ఒట్టి వత్తే పెట్టాం. కొండ లేవలేదు, రైలు ఆగలేదు. ఆ సంగతి యేసోబుకు ముందు చెప్పలేదు. ఆయన గోడ చాటునుంచి దూకింది మాత్రం నిజం.