మొదటి పేజీ తెలుగుదే

నా వెబ్‌సైటు ఇప్పుడు చూడ్డానికి బాగుండదని నాకు తెలుసు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, పైన ఒక ప్లే బటన్. అంతే. బాగుచేసుకోమని ఎవరు చెప్పినా విననని ముందే చెప్పేస్తున్నాను.

మొదట్లో ఇలా ఉండేది కాదు. తిరువళ్లూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టుకున్న సైటది. ఆకుపచ్చ పేజీ, మూలన మల్లెపూల బొమ్మ, పైన పరిగెత్తే అక్షరాలు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మా చేలు, మా వంటలు, మా తగాదాలు రాసేదాన్ని. మేముండేది తమిళ నేల మీద, నేను చదివింది తమిళ బడిలోనే. తెలుగు అక్షరాలు నేర్పింది మా నాయన, తిరుత్తణి బస్టాండులో తిరుపతి బస్సుల బోర్డులు చూపించి. అప్పటికి మా తమ్ముడు ఇంకా పుట్టలేదు. వాడు పెరిగేసరికి నాయనకి ఓపిక పోయింది. అందుకే వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. మా వైపు పిల్లలు చాలామంది అంతే.

ఆ తమ్ముడే పెద్దయ్యాక చెన్నైలో కంప్యూటర్ పనిలో చేరి, నా సైటుకి కొత్త బట్టలు కుట్టడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో సరిగ్గా కనిపించాలని మల్లెపూలు తీసేశాడు, సంతోషించాను. తర్వాత పైన ఇంగ్లీషు వచ్చింది, తెలుగు కిందికి దిగింది. ఆ తర్వాత తమిళం వచ్చింది, తెలుగు మూలనున్న మూడు గీతల మెనూ వెనక్కి పోయింది. ప్రతిసారీ పేజీ ఇంకా అందంగా తయారైంది. ప్రతిసారీ నా రాత నాకే దొరక్కుండా పోయింది. "ఈడ తెలుగు చదివేది ఎవురక్కా?" అనేవాడు. కష్టపడి చేస్తున్నాడు కదా అని నోరు మూసుకున్నాను.

ఆడికృత్తిక పండగకి తిరుత్తణి కొండ మీది గుడికని కావళ్లు ఎత్తుకుని చుట్టాలొచ్చారు. కొండ దిగి ఇంట్లో కూర్చున్నాక, పెరియపాళయం అత్త నా సైటు చూపించమంది. ఫోన్‌లో కొత్త పేజీ తెరిచాను. పండగల శీర్షిక కింద, వరసగా వెలిగే దీపాల బొమ్మ పక్కన, తెలుగులో ఏదో ఉంది. "నాకు కండ్లు ఆనవు, చదివి చెప్పు మే" అంది అత్త. చదవబోయి ఆగిపోయాను. అది మా నాయన పోయిన రోజు గురించి నేను రాసింది. వేరుశెనగకి నీళ్లు కట్టారా అని అడిగి కళ్లు మూసుకున్నాడని రాసింది. పక్కన దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి.

తమ్ముడు ఫోన్ లాక్కుని చూశాడు. వాడికి ఏమీ అర్థం కాలేదు. విషయం చెబితే ముఖం చిన్నబోయింది. "అక్షరాలు బాగుండాయని ఆడ పెట్టినానక్కా. అంతా తమిళంలో రాసుంటే ఈ తప్పు జరిగుండదు కదా" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. తప్పంతా తెలుగుదే అన్నట్టు మాట్లాడతాడేం? "నీకు చదివేది రాకపోతే నాయన మాటలు నేను మార్చాల్నా?" అన్నాను. అంతమంది చుట్టాల ముందు అన్నాను, ఇప్పటికీ అంటాను.

మరుసటి వారం సైటు పాస్‌వర్డు మార్చేశాను. వాడు కట్టిందంతా పీకేసి, తెలిసీ తెలియక నేనే ఒక పేజీ చేసుకున్నాను. మొట్టమొదట నాయన గురించి రాసింది పెట్టాను. చదవటం రానివాళ్ల కోసం నా గొంతుతో చదివి రికార్డు చేసి పైన బటన్ పెట్టాను. ఇంగ్లీషు, తమిళం ఇప్పుడు మూడు గీతల వెనక ఉన్నాయి. అక్కడ ఎలా ఉంటుందో వాటికీ తెలియాలి.

"ఇది చూసి అందరూ నవ్వతారు" అన్నాడు తమ్ముడు. నవ్వుకోమన్నాను.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "విన్నానక్కా. నాయన నీళ్ల గురించి అడిగిన కాడ ఆపి, మళ్లీ విన్నా. ఆ బటన్ ఇంకా పెద్దదిగా పెట్టు. కింద అక్షరాలు తీసేసినా పరవాలేదు, వింటే చాలు కదా."

నాకు ఏడుపొచ్చింది. వాడి మీద జాలి కూడా వేసింది. అయినా తగ్గలేదు.

"అక్షరాలు యాడికీ పోవు" అన్నాను. "వచ్చే ఆదివారం రా. నాయన అడిగిన ఆ మాటే ముందు నేర్పిస్తా."