గ్లెనిస్ కల్వంలో పసుపు

గ్లెనిస్ ట్రెజైస్ పుట్టింది దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా అనే ఊళ్ళో. అక్కడ రాగి గనులు ఎప్పుడో మూతబడ్డాయి. గనివాళ్ళ ఇంటిపేర్లూ, మాంసం దుంపలు కూరిన పేస్టీలూ మిగిలాయి. అడిలైడ్‌లో మా రసాయనశాస్త్ర విభాగంలో ఆమె పని రాగి సమ్మేళనాలు తయారుచేయడం. గొప్ప ఊహలున్న మనిషని ఆమెను ఎవరూ అనలేదు. ఆమె చేసిన పొడి శుభ్రంగా ఉంటుందనే పేరు మాత్రం ఉండేది. శాస్త్రజ్ఞుల త్యాగాల మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి ఇది చిన్న సంగతే కావచ్చు. ఆమె సంపాదించుకున్నది మాత్రం అదొక్కటే.

దానికే ఎసరొచ్చింది. రాగీ అయొడినూ కలిసిన ఒక తెల్లపొడి యూవీ దీపం కింద పసుపుగా వెలుగుతుందని గ్లెనిస్ ఒక పరిశోధన పత్రం అచ్చు వేయించింది. మెల్‌బోర్న్‌లో ఆమె పాత సహాధ్యాయి క్రెయిగ్ ఓపీ అదే పద్ధతిలో చేస్తే ఆకుపచ్చగా వెలిగింది. గ్లెనిస్ పొడిలో మురికి చేరిందని గుసగుసలు మొదలయ్యాయి. ఆమె మళ్ళీ చేసింది, మళ్ళీ కడిగింది. పసుపే.

చివరికి క్రెయిగ్ తన సీసా పట్టుకుని వచ్చాడు. గ్లెనిస్ అందులోంచి కాస్త తీసి, మాట్లాడుతూనే కల్వంలో వేసి నూరడం మొదలుపెట్టింది. మెత్తగా నూరని పొడిని పరికరం ముందు పెట్టకూడదని మా విభాగంలో అందరికీ నేర్పుతారు.

“నా పొడినేం చేస్తున్నావే?”

“నూరుతున్నా. ఏం, మీరు నూరరా?”

“మా పిల్లలకంత ఓపికెక్కడిది? చెంచాతో తీసి గొట్టంలో పోసేస్తారు. మీ మూంటా వాళ్ళకేమో రాయి కనబడితే దంచందే నిద్రపట్టదు.”

గ్లెనిస్ చెయ్యి ఆగిపోయింది. కల్వాన్ని దీపం కిందికి జరిపింది. సీసాలో మిగిలింది ఆకుపచ్చ. పొత్రం నలిపిన చోటల్లా పసుపు. టొల్యూయిన్ అనే ద్రావకం రెండు చుక్కలు వేసి ఆరబెడితే ఆకుపచ్చ తిరిగొచ్చింది. మురికేమీ లేదు. నలుగుడుకి రాగి పరమాణువులు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతున్నట్టున్నాయి, దాంతో వెలుగు రంగు మారుతోంది.

క్రెయిగ్‌కి హుషారొచ్చింది. నొక్కితే రంగు మారే పదార్థమని కొత్త పత్రం రాసెయ్యమన్నాడు, పాతదాని ఊసు ఎవడిక్కావాలన్నాడు.

“పాతదాంట్లో పసుపని రాసింది నేనేగా. ముందు అది చెప్పాలి.”

“నవ్వుతారే.”

“నవ్వనీరా. నా పొడి మురికనడం కంటే నయం.”

హోబర్ట్‌లో జరిగిన రసాయనశాస్త్రజ్ఞుల సభలో ఆ మాటే చెప్పింది. “నేను రాసిన పసుపు ఆ పదార్థానిది కాదు, నా మోచేతి బలానిది” అంది. హాలంతా నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి, ఆమె తర్వాతి పటానికి వెళ్ళింది.

టీ దగ్గర, మురికి మాట అందరికంటే ఎక్కువ ప్రచారం చేసిన సిడ్నీ ప్రొఫెసరే ఆమె పక్కన చేరాడు. తమ ప్రయోగశాలకి ఆ పొడి కాస్త కావాలన్నాడు, వాళ్ళు చేసుకుంటే శుభ్రంగా రావడం లేదట.

“పంపిస్తాలెండి. ఈసారి నూరకుండా” అని గ్లెనిస్ ఆయన చిరునామా అడిగింది.