నా నల్ల బండి, అక్క ఎర్రనీళ్ళు

జహీరాబాదులో నా కారు గురించి తిరుగుతున్న కథలన్నీ నేను వదిలినవే. హైదరాబాదులో ఒక డాక్టరుగారు చాలా ఏళ్ళు వాడి వదిలేసిన జర్మనీ బండి అది. నల్ల రంగు. కొత్తది కొనే తాహతు నాకు ఏడు జన్మలెత్తినా రాదు. పాతబడింది కాబట్టి నా దాకా దిగింది. అయినా సరే, అందులో చాయ్ గ్లాసు పెట్టుకుని పటాన్‌చెరులో బయల్దేరితే జహీరాబాదు దాకా గ్లాసులోంచి పొగ నిలువుగానే లేస్తుందని బస్టాండు దగ్గరి హోటల్లో చెప్పాను. వెన్నెల రోజుల్లో చంద్రుడు దాని బానెట్‌లో తల దువ్వుకుంటాడని కూడా చెప్పాను.

బోరు మోటార్లు బాగుచేసే దుకాణం నాది. మోటారు కాలిపోయిన రైతు దిగులుగా వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. కొత్త తీగ చుట్టి వైండింగు అయ్యేదాకా అతనికి ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ అలవాటు దుకాణంలో మొదలై ఊరంతా పాకింది. కారు కథలు విన్నవాళ్ళు ఊరుకోకుండా చూడ్డానికి ఇంటికే రాసాగారు. చిక్కు అక్కడే వచ్చింది.

మా అక్క ఝరాసంగంలో ఉంటుంది. మా చుట్టాల్లో ఏ పసిపిల్ల పాలు తాగకపోయినా, ఎవరి కొత్తింటి గోడ బీటలు వారినా కబురు ఆమెకే వెళ్తుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపూ సున్నమూ కలిపి, అవి ఎర్రగా మారగానే మనిషి చుట్టూ తిప్పి దిష్టి తీస్తుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె ఆటో దిగి వచ్చేసరికి మా గేటు ముందు జనం మూగి ఉన్నారు.

"గింతమంది కండ్లు పడ్డంక బండి బతుకుతదారా తమ్మీ?" అని వెంటనే వంటింట్లోకి నడిచింది.

నేను తిని పడుకున్నాను. ఎవరికి దిష్టి తీసినా ఆ నీళ్ళు బయట దారిలో పారబోసేది. సొంత తమ్ముడి బండి కాబట్టి దోసిట్లో తీసుకుని బానెట్ మీదా పైకప్పు మీదా కూడా చల్లింది. దిష్టి నీళ్ళు తుడవకూడదట. అందుకని ఎవరూ తుడవలేదు. ఎండ తన పని తాను చేసుకుపోయింది. మర్నాడు చూస్తే నల్ల రంగు మీద తెల్లటి వలయాలు, చారలు. నీళ్ళు కొడితే పోలేదు. నేను ఊరుకుంటానా? గిన్నెలు తోమే పచ్చ పీచు తెచ్చి రుద్దాను. మరకలు అట్లాగే ఉండి, వాటి చుట్టూ సాలెగూడు లాంటి సన్నని గీతలు కొత్తగా వచ్చాయి.

"వదినెతోని ఒక్క మాట అన్నవంటే చూడు," అంది నా భార్య.

ఆమె భయం నాకు తెలుసు. ఇదివరకు మా చిన్న తమ్ముడి భార్య నవ్వుతూనే, "టైల్స్ మీద ఎర్ర మరక పడుతది వదినే, బయటనే తీయరాదా," అంది. అంతే. ఆ ఇంటికి అక్క ఇప్పటికీ వెళ్తుంది, మంచినీళ్ళు తాగుతుంది, పిల్లల్ని ముద్దు చేస్తుంది. పళ్ళెం మాత్రం ముట్టదు. వాళ్ళే బతిమాలినా, "నాకు రాదు బిడ్డా, మర్చిపోయిన," అంటుంది. ఇక తన నీళ్ళే తమ్ముడి బండిని కాల్చాయని తెలిస్తే, ఏ ఇంట్లోనూ ఆ పళ్ళెం ఎత్తదు. బండి సంగతి ఎట్లున్నా, అక్కకు అది తెలియకూడదు. అదొక్కటే నాకు పట్టుకుంది.

చిరాగ్‌పల్లికి ఇవతల హైవే పక్కన ఒక షెడ్డులో కార్ల రంగు బాగుచేస్తారు. దాని యజమాని కోస్తావైపు మనిషి. వాహనాల ఫ్యాక్టరీలో రంగుల విభాగంలో పనిచేయడానికి వచ్చి, తర్వాత సొంతంగా ఈ డిటేలింగ్ షాపు పెట్టుకున్నాడు. నా వయసే ఉంటుంది. నేను బండి తీసుకుని బయల్దేరుతున్న ఉదయమే అక్క కంటి దవాఖానలో చూపించుకుని మా ఇంటికి వచ్చింది. "నేను గూడ వస్త, ఇంట్ల గూసుండి ఏం జేస్త," అని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దింపేదెట్లా?

షెడ్డులో ఆమెకు కుర్చీ వేశారు. బండిని నురగతో కడిగారు. మెత్తటి బంకమన్ను ముద్ద లాంటిదాన్ని రంగు మీద జరిపి గరుకంతా లాగేశారు. తర్వాత యజమాని చేతిలో లైటు పట్టుకుని బానెట్ మీదకు వంగాడు. చాలాసేపు లేవలేదు.

"ఏం పడిందండి దీని మీద?"

"ఏం పడ్తది? గాలి, దుమ్ము," అన్నాను.

"గాలికి ఇలా రావండి. రంగు మీద అద్దంలాంటి పొర ఒకటుంటుంది. దాన్ని ఏదో తినేసింది. ఏం పడిందో చెబితే దానికి తగ్గ మందు వేస్తాను. చెప్పకపోతే ఊరికే అరగదీయాలి. అరగదీస్తే పొర పోద్ది. తర్వాత నన్నని లాభం లేదు."

అక్క కళ్ళల్లో దవాఖానలో వేసిన చుక్కలు ఇంకా మండుతున్నట్టున్నాయి. కొంగుతో ఒత్తుకుంటూనే చెవులు మాత్రం ఇటే పెట్టింది.

"నెమళ్ళు," అన్నాను. "మొగుడంపల్లి చేన్ల పక్కన ఆపిన. రెండు నెమళ్ళు వచ్చి బానెట్ల నీడ జూసుకున్నయి. ఎవలు అందంగున్నరని పొద్దుగూకేదాక పంచాయితీ. ఓడిపోయింది దీని మీద గూసుండి ఏడ్చింది. గవి దాని కన్నీళ్ళే."

"నెమలి ఏడుస్తదారా?" అంది అక్క.

"ఓడిపోయింది ఏడుస్తది అక్కా. గెలిచింది ఎందుకేడుస్తది?"

యజమాని నవ్వలేదు. "గోటి గీత ఒక్కటీ లేదండి. పాపం బూట్లు వేసుకొచ్చాయేమో," అంటూ ఒక సీసాలోంచి చుక్క తీసి ఒక తెల్ల వలయం మీద వేశాడు. అది సన్నగా పొంగింది. వేలితో తుడిచి వాసన చూశాడు. "సున్నమండి బాబూ ఇది! చక్కగా సున్నం అని చెప్పొచ్చుగా."

అక్క కొంగు దించింది. "సున్నమా?"

నా నోరు ఆగలేదు. "అదే జెప్పబోతున్న. హైవే మీద ముందు ట్రాలీ పోతుండె. గోడలకేసే సున్నం డబ్బా ఒరిగి చింది పడ్డది."

"మరి నెమళ్ళు?"

"నెమళ్ళు తర్వాత వచ్చినయి. గీ తెల్లగున్నదేందని చూద్దామని."

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అక్క కుర్చీలోంచి లేచింది. రెండు చేతులూ పైకెత్తింది. "నా తమ్ముని బండి మీద సున్నం జల్లినోళ్ళ చేతులు..."

"అక్కా!" అని అరిచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

నేను ఎన్ని అబద్ధాలైనా ఆడతాను గాని, మా అక్క శాపనార్థం విషయంలో పరాచికాలు ఆడను. ఆమె నోటి మాట తగులుతుందని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఆ మాట పూర్తయితే ఎవరి చేతులకు తగులుతుంది? నా పట్టులో ఉన్న చేతులకే కదా.

"ఏందిరా? ఇడ్వు. వాడు నీకేమన్న చుట్టమా?"

"వాడు గాదక్కా. ఆమె. పెద్దమనిషి. పాపం, బుద్ధిపూర్వకంగ జేసిందా? మంచిగ జేద్దామనుకునే జేసింది."

"సున్నం జల్లి ఏం మంచి జేస్తది?"

నాకు మాట దొరకలేదు. నా జీవితంలో అట్లాంటి సందర్భాలు తక్కువ. అప్పుడు బానెట్ దగ్గర్నుంచి యజమాని తల ఎత్తాడు. వేలికి అంటిన మరకను చూసుకున్నాడు. అది పూర్తిగా తెల్లగా లేదు. అంచున కాస్త పసుపు మిగిలింది. పసుపు సగం ఎండకే వెలిసిపోయి ఉంటుంది, మిగతా సగం అతనికి సరిపోయింది. అక్కను చూశాడు, ఆమె చేతులు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"నాకు తెలుసండి ఆవిడ," అన్నాడు. "ఈ దారినే వెళ్తుంటారు. బంగారంలాంటి మనిషి. ఎవరికి ఏ ఇబ్బందున్నా ముందు ఆవిడే ఉంటారండి. ఎవరో కుర్రాడి ట్రాలీ ఒరిగిపోతుంటే ఆపబోయారంట. డబ్బా ఒలికిందంట. చాలా బాధపడ్డారండి."

నాకే ఆశ్చర్యం వేసింది. నిజం చెప్పమని నన్ను నిలబెట్టి అడిగిన మనిషి, నాకంటే నున్నగా అల్లేశాడు!

అక్క చేతులు దిగాయి. "గట్లనా? అయ్యో, తెలువక ఎంత మాట అనబోతిని." నేలకు చెయ్యి తాకించి రెండు చెంపలూ వేసుకుంది. "నా మాట వాపస్. ఆ తల్లి సల్లగుండాలె."

"ఉంటారండి," అన్నాడతను.

తర్వాత పని నెమ్మదిగా సాగింది. మందుతో సున్నం కరిగించాడు. ఆపైన చిన్న మిషనుకు స్పాంజి బిల్ల తగిలించి, కొంచెం కొంచెం జాగాలో తోముతూ, మధ్యమధ్య పొర మందం చూసుకుంటూ పోయాడు. మిషను రొద బోరు మోటారు చప్పుడులా ఉండి నాకు నిద్ర తెప్పించింది. అక్క మాత్రం రెప్ప వేయకుండా చూసింది. నా పచ్చ పీచు గీతలు పోయాయి. వలయాలు పోయాయి. షెడ్డు రేకులు, లైట్లు, మా ముగ్గురి ముఖాలూ బానెట్‌లో తేలాయి. అంచు దగ్గర మాత్రం రెండు మూడు చుక్కలు మిగిలిపోయాయి.

"ఇంక తోమనండి. పొర పల్చబడింది," అన్నాడు.

అక్క వంగి చూసింది. ఆమె ముఖంలో వెలుగు చూశాను. ఇంత మెరిస్తే ఇంటికెళ్ళి ఏం చేస్తుందో నాకు తెలియదా? కానీ ఆమె ఆ చుక్కల మీద వేలుపెట్టి, "ఉండనీ తియ్. పసిపిల్ల బుగ్గకు చుక్క పెడ్తం గద, గట్లనే. ఇగ దీనికి దిష్టి గిష్టి ఏం గాదు," అంది.

నేను ఊపిరి పీల్చుకునే లోపలే ఆమె షెడ్డంతా కలియజూసింది. తళతళలాడే బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి.

"గింత మెరుపు పెట్టుకొని గూసున్నవు. నీ దుకాణానికి ఎవలైన దిష్టి తీసిన్రా కొడుకా?"

ఆ నీళ్ళు ఏం చేస్తాయో ఆ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి అతను. పొద్దున్నుంచీ వాటితోనే కుస్తీ పట్టాడు. నా వంక చూశాడు. నేను పైకప్పు రేకుల వంక చూశాను.

"ఎవరూ తియ్యలేదండి," అన్నాడు చివరికి. "మీరే తియ్యాలి."

ఎదురుగా ఉన్న పాన్ డబ్బాలో సున్నం దొరికింది. పసుపు పక్క హోటల్లో ఇచ్చారు. అక్క పళ్ళెం పట్టుకుని గేటు ముందు నిలబడి, పెదవులు కదుపుతూ, తొందర లేకుండా తిప్పింది. ఆమె తిప్పుతున్నంతసేపూ అతను లోపల ఒక్కో బండి మీదా కవరు లాగి కప్పుతూనే ఉన్నాడు.